కారు కొత్తదే, చెవులు పాతవే

కొత్త కారు కొన్నారా? చాలా సంతోషం. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి వుంటారు, కొబ్బరికాయ కొట్టి వుంటారు, బానెట్టు మీద పసుపూ కుంకుమా పెట్టి వుంటారు. ఒంటిమిట్టకో, తిరుమలకో మొదటి ప్రయాణం కూడా అయిపోయి వుంటుంది. ఆయిలు ఎప్పుడు మార్చాలో, టైర్లలో గాలి ఎంత వుండాలో, మొదటి సర్వీసుకి ఎప్పుడు రావాలో షోరూము కుర్రవాడు విడమరచి చెప్పే వుంటాడు. మీ చెవుల సంగతి మాత్రం ఎవరూ చెప్పి వుండరు. అది చెప్పాలనే ఈ వారం కలం పట్టాను.

ఆరోగ్యం పేజీలో కారు స్టీరియో గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చు. నేను చెవి, ముక్కు, గొంతు డాక్టరుని. రాజంపేటలో వైద్యం చేస్తున్నాను. పదిహేనేళ్ళ కిందట నా దగ్గరికి చెవుల్లో హోరని వచ్చేవాళ్ళలో చాలామంది అరవై దాటినవాళ్ళు. కాకపోతే మంగంపేట వైపు ముగ్గురాయి మిల్లుల్లో ఏళ్ళ తరబడి పనిచేసినవాళ్ళు. ఇప్పుడు ఆ బెంచీ మీద పాతికేళ్ళ కుర్రవాళ్ళు కూర్చుంటున్నారు. "సార్, ఫ్యాను ఆపేసినా చెవుల్లో ఫ్యాను తిరుగుతానే వుంది" అంటారు. మిల్లులో పని చేశావా అంటే లేదంటారు. తుపాకి పేల్చావా అంటే నవ్వుతారు. పెళ్ళిళ్ళలో డీజే దగ్గర ఎగురుతావా, చెవిలో బిరడాలు పెట్టుకుని పడుకుంటావా, కారులో పాటలు ఎంత పెద్దగా పెడతావు అని అడగడం మొదలుపెట్టేసరికి, పక్కన కూర్చున్న తల్లి అందుకుంటుంది: "చెప్పు, డాక్టరు గారికి చెప్పు!"

మా ప్రాంతానికి పాటల పెట్టెతో అనుబంధం పాతదే. రాజంపేట, రాయచోటి, కడప చుట్టుపక్కల పల్లెల నుంచి జనం కువైట్ వెళ్ళడం దశాబ్దాలుగా సాగుతోంది. అప్పట్లో కువైట్ నుంచి మనిషి దిగితే, కూడా ఒక టూ ఇన్ వన్ దిగేది. రేడియో, టేపురికార్డరు రెండూ ఒకే పెట్టెలో. దాన్ని వరండాలో పెట్టి వీధి వీధంతా వినేలా మోగించేవాళ్ళు. వినడానికి కాదు, వచ్చామని చెప్పడానికి. ఆ పెట్టె వీధిలో వుండేది, గాలి దాన్ని పంచుకునేది, పక్కింటి ముసలమ్మ తిట్టేది. ఇప్పుడు ఆ పెట్టె కారెక్కింది. నాలుగు అద్దాలూ బిగించిన అలమరలాంటి చోట, మోకాలి పక్కన రెండు స్పీకర్లు, వెనక రెండు, డిక్కీలో ఇంకొకటి. తిట్టడానికి ముసలమ్మ కూడా లేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీ.ఎస్.టీ. 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది కదా. ఎన్నాళ్ళుగానో ఊగిసలాడుతున్నవాళ్ళు కూడా ధైర్యం చేశారు. మా వీధిలోనే ఆ దసరాకి మూడు కొత్త కార్లు నిలబడ్డాయి. వాటిలో ఒకటి మాది.

కొనే ముందు తిరుపతిలో ఒక షోరూముకి వెళ్ళాం. మా ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న మైలేజీ గురించి కాదు. "పాటలు బాగా వస్తాయా?" అని. అమ్మకాల కుర్రవాడు మురిసిపోయి అద్దాలు ఎక్కించి, ఒక పాట పెట్టి, ధ్వని సగానికి పైగా తిప్పాడు. సీటు అదిరింది. మా ఆవిడ కళ్ళు పెద్దవి చేసి "ఎంత బాగుందండీ!" అంది. తరవాత ఇంకో రకం కారు చూపిస్తూ, అదే పాట కాస్త తగ్గించి వినిపించాడు. అది ఈవిడకి ఆనలేదు. మొదటి కారు ఖరీదు ఎక్కువ అని వేరే చెప్పనక్కరలేదు.

ఇందులో మోసం ఏమీ లేదు. మన చెవి తయారీయే అలాంటిది. ఒకే పాటని రెండుసార్లు వినిపించి, రెండోసారి కొంచెం పెంచితే, పెంచినదే బాగుందంటాం. ఎందుకంటే తక్కువ ధ్వనిలో మన చెవికి మంద్రం, అంటే మృదంగం, తబలా దిండు, బేసు గిటారు సరిగా ఆనవు. ధ్వని పెరిగినకొద్దీ అవి నిండుగా వినపడతాయి. 1933లో అమెరికాలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ సంగతిని కొలిచి గీతలు గీసి చూపించారు. పాత స్టీరియోల మీద "లౌడ్‌నెస్" అని ఒక మీట వుండేది, గుర్తుందా? తక్కువ ధ్వనిలో కూడా మంద్రాన్ని ఎత్తి చూపించడానికే అది. కనుక స్టీరియో నాణ్యత చూడదలచుకుంటే పెద్దగా పెట్టి వినకండి. చిన్నగా పెట్టి వినండి. పక్కమనిషితో మామూలుగా మాట్లాడుతూ వుండగా పాటలో మాటలు తెలుస్తున్నాయా? వీణ మీట, గాయని ఊపిరి తీసుకోవడం వినిపిస్తున్నాయా? అలా వినిపిస్తే అది మంచి స్టీరియో. నేను షోరూములో అదే చేశాను. తక్కువ ఖరీదు కారులోదే నాకు నచ్చింది. ఇంట్లో రెండు రోజులు మౌనవ్రతం నడిచిందనుకోండి, అది వేరే కథ.

ఇప్పుడు ఒక చిన్న పరీక్ష చెబుతాను. దీనికి ఏ యంత్రమూ అక్కరలేదు. రాత్రి ఎక్కడినించో ప్రయాణం చేసి ఇంటికి వస్తారు. కారు ఆపేసి లోపలికి పోతారు. మర్నాడు పొద్దున్నే, వీధిలో ఇంకా ముగ్గులు వేస్తూ వుండగా, కారు తాళం తిప్పుతారు. ఒక్కసారిగా పాట విరుచుకు పడుతుంది. గుండె ఝల్లుమంటుంది. గబగబా చెయ్యి పెట్టి తగ్గిస్తారు. "ఇంత పెద్దగా ఎవరు పెట్టారు?" అని పిల్లల మీద అరుస్తారు. పెట్టింది మీరే. రాత్రి ఆ ధ్వని మీకు పెద్దగా అనిపించలేదు, అంతే.

ఎందుకు అనిపించలేదు? రెండు కారణాలు. మొదటిది రోడ్డు రొద. కారు వేగం పెరిగినకొద్దీ టైర్ల చప్పుడు, గాలి, ఇంజను, ఏసీ హోరు కలిసి లోపల ఒక బరువైన ధ్వని తయారవుతుంది. మంచి రోడ్డు మీద 80, 90 కిలోమీటర్ల వేగంలో చిన్న కారు లోపల అది సుమారు 70 డెసిబెల్స్ దాకా వుండవచ్చు. ఆ హోరంతా మంద్రస్థాయిదే. పాటలోని మంద్రాన్ని అది మింగేస్తుంది. తబలా పోయింది కదా అని మీరు చెయ్యి పెడతారు. ఇంకో రెండు గీతలు. కంకర తేలిన చోట ఇంకో రెండు. రోడ్డు మళ్ళీ నున్నబడ్డాక తగ్గించడం ఎవరికీ గుర్తుండదు. రెండో కారణం అసలైనది. గంట, రెండు గంటలు హోరులో వున్న చెవి అలసిపోతుంది. అలసిన చెవికి మామూలు ధ్వని చిన్నదిగా వినిపిస్తుంది. రాత్రంతా నిద్రపోయాక కోలుకుంటుంది. పొద్దున మీ గుండె ఝల్లుమందంటే, రాత్రి చెవి ఎంత అలసిందో అది చెప్పే లెక్క అన్నమాట.

లోపలి చెవి నత్తగుల్లలా చుట్టలు తిరిగి వుంటుంది. అందులో ఒక్కొక్క చెవికి సుమారు 15,000 కేశకణాలు. కంటికి కనిపించే వెంట్రుకలు కావు, అంతకంటే ఎంతో సన్నని కేశాలున్న జీవకణాలు. ధ్వని వచ్చినప్పుడు అవి వరిమడిలో గాలికి పైరు వంగినట్టు వంగి లేస్తాయి. ఒకసారి ఒక మనిషి మడికి అడ్డంపడి నడిచాడనుకోండి. పైరు వాలిపోతుంది. రెండు రోజుల్లో మళ్ళీ లేస్తుంది. రోజూ అదే దారిన నడిస్తే అక్కడ బాట పడుతుంది. ఇంక పైరు లేవదు. పక్షులకి ఈ కణాలు చచ్చినా మళ్ళీ పుడతాయి. మనుషులకి పుట్టవు. కోడికి వున్న భాగ్యం మనకి లేదు.

ఎంత ధ్వని, ఎంతసేపు అనేదానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక లెక్క చెప్పింది. రేషను కార్డులాంటిదే. పెద్దవాళ్ళకి 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కి గంటలు సగమైపోతాయి. 83కి 20 గంటలు, 86కి పది, 89కి అయిదు, 92కి రెండున్నర. 95కి వచ్చేసరికి వారం మొత్తానికి గంటా పావు మాత్రమే. రాజంపేట నుంచి కడపకి యాభై కిలోమీటర్లు చిల్లర. అంత ధ్వనితో పాటలు పెట్టుకుని ఒక్కసారి కడపకి పోయేసరికి వారం రేషను అయిపోతుంది. తిరిగి రావడం అప్పు. పిల్లలకి ఈ రేషను ఇంకా తక్కువ. 75 డెసిబెల్స్‌కే 40 గంటలని లెక్క మొదలవుతుంది.

మూడు డెసిబెల్స్ అంటే చెవికి పెద్ద తేడా తెలియదు. అక్కడే చిక్కంతా. 10 డెసిబెల్స్ పెరిగితే మనకి రెట్టింపు ధ్వనిలా అనిపిస్తుంది గాని, చెవి మీద పడే శక్తి పదింతలు. ఇరవై పెరిగితే నూరింతలు.

"డెసిబెల్స్ కొలవడానికి మా దగ్గర ఏముంది డాక్టరు గారూ?" అంటారా? సెల్‌ఫోనులో ధ్వని కొలిచే యాప్‌లు దొరుకుతున్నాయి. ఖచ్చితంగా చెప్పకపోయినా ఉజ్జాయింపుగా చెబుతాయి. అదీ వద్దనుకుంటే నోరే కొలత. పక్కసీటులో మూరెడు దూరంలో వున్న మనిషికి వినపడడానికి మీరు గొంతు పెంచవలసి వచ్చిందంటే, కారులో ధ్వని 85 దరిదాపులకి చేరిందని అర్థం. ఆలుమగల మధ్య గొంతులు పెరగడానికి వేరే కారణాలు కూడా వుంటాయి. వాటిని లెక్కలోకి తీసుకోకండి.

ఈ జబ్బు కొత్తది కాదు. ఆవిరి ఇంజన్ల కాలంలో మాకు దగ్గర్లోనే నందలూరులో పెద్ద లోకో షెడ్డు వుండేది. మద్రాసు-బొంబాయి దారిలో పేరున్న షెడ్డు. అక్కడ బాయిలర్ల దగ్గర సుత్తి దెబ్బల మధ్య పనిచేసినవాళ్ళకి చెవుడు రావడం ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. దూరదేశంలో గ్లాస్గో పట్నంలో థామస్ బార్ అనే వైద్యుడు 1886లోనే నూరుమంది బాయిలర్ పనివాళ్ళ చెవులు పరీక్షించాడు. వాళ్ళలో ఒక్కడికి కూడా వినికిడి మామూలుగా లేదు. నందలూరు షెడ్డులో కుర్రతనంలో చేరిన ఒక పెద్దాయన నా దగ్గరికి ఇప్పటికీ వస్తాడు. ఆయన చెవుడు విచిత్రం. బస్సు వస్తే వినిపిస్తుంది, ఉరిమితే వినిపిస్తుంది. మాటే తెలియదు. "కోడలు అన్నం వడ్డిస్తా 'సాలా మామా' అంటాది సార్. నాకి 'పాలా' అని ఇనపడతాది. పోయమంటా. అంతా నగుతారు" అన్నాడు. ఆయన కూడా నవ్వుతూనే చెప్పాడు గాని, కళ్ళల్లో నవ్వు లేదు. ఈమధ్య పంక్తిలో కూర్చోవడం మానేశాడట.

హోరు వల్ల వచ్చే చెవుడు మొదట పట్టుకునేది సన్నని ధ్వనుల్నే. పరీక్షలో 4,000 హెర్ట్జ్ దగ్గర ఒక గుంట పడుతుంది. స, శ, చ, త లాంటి అక్షరాల పదును వుండేది ఆ పై స్థాయిల్లోనే. అచ్చులన్నీ వినిపిస్తాయి, హల్లులు పోతాయి. అందుకే "వినపడుతోంది కాని అర్థం కావడం లేదు" అంటారు. "గట్టిగా చెప్పండి" అని మనం అరిస్తే వాళ్ళకి విసుగు. అరుపులో పెరిగేవి అచ్చులే కాబట్టి.

ఆ పెద్దాయనకి అది కూలి కోసం వచ్చిన చెవుడు. మనం డబ్బు పెట్టి కొనుక్కుంటున్నాం.

మా మేనల్లుడి సంగతి చెప్పాలి. వాడు కువైట్‌లో ఏడేళ్ళు జనరేటర్ల పక్కన పనిచేసి, నిరుడు శాశ్వతంగా వచ్చేశాడు. వచ్చిన నెలకే కారు కొన్నాడు. కారుతో వచ్చిన స్టీరియో వాడికి చాలలేదు. కార్ డెకార్స్ షాపులో డిక్కీ నిండా వూఫరు పెట్టె, సీటు కింద యాంప్లిఫయరు, తలుపులకి కొత్త స్పీకర్లు పెట్టించాడు. నాకు చూపించడానికి వచ్చి, నంబరు ప్లేటు గడగడలాడేలా ఒక పాట మోగించి, "ఎట్లుంది మామా?" అన్నాడు. "నంబరు ప్లేటు బాగా పాడుతోందిరా" అన్నాను. వాడికి అది మెచ్చుకోలులాగే వినపడింది.

ఒక ఆదివారం స్నేహితులతో తిరుపతి పోయి, అర్ధరాత్రి తిరిగి వచ్చారు. ఆ దారి మీకు తెలిసే వుంటుంది. కోడూరు దాటాక బాలుపల్లె అడవి. మలుపుల్లో ఎదురుగా వచ్చే లారీ హారన్ కొడితేనే తెలుస్తుంది. వీళ్ళకి రెండు మలుపుల దగ్గర హారన్ వినపడలేదట, లైట్లు చూసి తప్పుకున్నారట. అది గొప్పగా చెప్పుకున్నారు. సోమవారం పొద్దున వాడు నా దగ్గరికి వచ్చాడు. "మామా, రేత్రి నుంచి చెవుల్లో ఒకటే కీచురాళ్ళు. ఇంటికొచ్చినా పాట ఆగినట్టు లేదు. నిద్ర పట్టలా."

మూడు రోజులు హోరుకి దూరంగా వుండమని చెప్పి, తరవాత వినికిడి పరీక్ష చేశాను. కీచురాళ్ళు చాలావరకు పోయాయి. రాత్రి అంతా సద్దుమణిగాక మాత్రం ఇంకా వున్నాయన్నాడు. పరీక్ష కాగితం మీద రెండు చెవులకీ 4,000 దగ్గర గుంట. 20 డెసిబెల్స్ లోపే వినపడవలసిన ధ్వని 45 దాకా పెంచితేగాని వాడికి వినపడలేదు. వయసు 31. ఆ గుంట ఒక్క రాత్రిలో పడింది కాదు, చాలావరకు కువైట్ జనరేటర్లు తవ్వినదే. కాని ఆ గుంట వున్న చెవికి ఇంక రేషను దుబారా చేసే స్తోమతు లేదు. కాగితం ముందు పెట్టి అదే చెప్పాను. వాడు కాగితం చూడలేదు. "లక్షా ఇరవై వేలు పెట్టినా మామా" అన్నాడు.

అప్పుడు వాళ్ళావిడ అందుకుంది. అంతవరకూ తలుపు దగ్గరే నిలబడి వుంది. "పాపను వెనక సీట్లో కూర్చోబెడతాం కదన్నా. పోయిన వారం కడపకి పోతా వుంటే రెండు చేతుల్తో చెవులు మూసుకోని అట్లే నిద్రపోయింది. చేతులు తీసినా మళ్ళీ పెట్టుకుంటాది" అంది. పాపకి మూడేళ్ళు. వెనక సీటు వాళ్ళకి స్పీకర్లు ఎంత దగ్గరో ముందు కూర్చున్నవాళ్ళకి తెలియదు. కొన్ని కార్లలో వెనక అద్దం కింది పలక మీదే వుంటాయి, సరిగ్గా తల వెనక. చిన్నపిల్లల చెవిదారి చిన్నది. సన్నని ధ్వనులు అందులో ఇంకా బలంగా తగులుతాయి. వాళ్ళు చెప్పలేరు. చెవులు మూసుకోవడం, చిరాకుపడటం, అకారణంగా ఏడవడం, ఇవే వాళ్ళ మాటలు.

మేనల్లుడు చాలాసేపు మాట్లాడలేదు.

నేను వాణ్ణి పాటలు మానమనలేదు. మిమ్మల్నీ మానమనను. కారులో పాట మంచి తోడు. మేం బైపాసు మీద తాళ్ళపాక దగ్గర 108 అడుగుల అన్నమయ్య విగ్రహం కనిపించినప్పుడల్లా ఒక కీర్తన పెట్టుకోవడం అలవాటు. ఆ కీర్తన బాగా వినపడడానికి బలమైన స్టీరియో అక్కరలేదు, నిశ్శబ్దమైన కారు కావాలి. ఇది జనానికి ఎక్కని విషయం. యాభై వేలు పెట్టి స్పీకర్లు మార్చేవాళ్ళు, తలుపు రబ్బరు వూడిపోయి గాలి ఈల వేస్తున్నా పట్టించుకోరు. రొద నాలుగు డెసిబెల్స్ తగ్గిందంటే, మీరు పాట నాలుగు డెసిబెల్స్ తగ్గించుకోవచ్చు. పైన చెప్పిన రేషను ప్రకారం మీ గంటలు రెట్టింపు దాటినట్టే. టైర్లలో గాలి సరిగా వుంచండి. ఏసీ ఫ్యాను చల్లబడ్డాక ఒకటి రెండుకి తగ్గించండి. తలుపు జేబుల్లో సీసాలు, చిల్లర డబ్బులు, తాళంచెవులు పెట్టకండి. స్పీకరు పక్కనే అవి గిలకల్లా మోగుతాయి. కొత్త కారు యజమానికి మొదటి నెల కుందేలు చెవులు కదా! ఎక్కడో టిక్కుమంటే చాలు, షోరూముకి పరుగు. మా కారులో మూడు వారాలు నన్ను వేధించిన టిక్కు టిక్కు చివరికి డాష్‌బోర్డు అరలోని కుంకుమ భరిణె అని తేలింది.

తలుపు రేకుల లోపల అంటించే బరువైన షీట్లు కూడా వున్నాయి. అవి రేకు అదురుని ఆపుతాయి, రొదనీ తగ్గిస్తాయి. అలాంటి బరువైన షీట్ల తయారీలో బరువు కోసం ముగ్గురాయి పొడి కలుపుతారంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. మా మంగంపేటలో వున్న నిక్షేపం ప్రపంచంలోనే పెద్దవాటిలో ఒకటి. ఆ పొడిలో ఎక్కువ భాగం చమురు బావులు తవ్వడానికి పోతుంది, గల్ఫ్ దేశాలకి కూడా. మా మేనల్లుడు, మా ఊరి రాయి, ఇద్దరూ ఒకే దారిన పోయారన్నమాట.

ఇక స్టీరియో అమరిక. ముందు బేసు, ట్రెబుల్ రెండూ సున్నా దగ్గర పెట్టండి. తోలేవాడికి కుడి తలుపు స్పీకరు దగ్గర, ఎడమది దూరం. బ్యాలన్సు కొంచెం ఎడమకి జరిపితే పాట మధ్యకి వస్తుంది. వెనక పిల్లలుంటే ఫేడర్ ముందుకి తిప్పండి. ఈ పని అరనిమిషంలో అయిపోతుంది. చాలామంది కారు అమ్మేదాకా చెయ్యరు. ధ్వని ఎంత వుండాలో కారు కదలక ముందే నిర్ణయించుకుని, దారిలో రెండు గీతలకి మించి పెంచమని మనసులో ఒక ఒడంబడిక పెట్టుకోండి. దిగేటప్పుడు తగ్గించి దిగండి. పాట చిరిగినట్టు, గొంతు బొంగురుపోయినట్టు వినిపిస్తే యాంప్లిఫయరు శక్తికి మించి పాడుతోందని గుర్తు. అది స్పీకరుకీ చేటు, మీకూ చేటు. పాట నకలు నాసిరకంది అయితే ఎంత ఖరీదైన స్టీరియో అయినా బాగుచెయ్యలేదు. పులిసిన మజ్జిగని వెండి గ్లాసులో పోసినట్టే. గంటకోసారి పది నిమిషాలు పూర్తిగా ఆపండి. బయటి పెట్టెలు తగిలించడానికి కొత్త కారు వైర్లు కోయించారంటే వారంటీకి ఇబ్బంది రావచ్చు. ఫ్యూజు లేకుండా అతికిన వైరు వేడెక్కి నిప్పంటుకోవచ్చు కూడా. ఇది చెవి డాక్టరు చెప్పవలసిన మాట కాదు గాని చెప్పేస్తున్నాను.

కొత్త కారు వాసన చాలామందికి ఇష్టం. అది ప్లాస్టిక్కు, జిగురు, ఫోము నుంచి వచ్చే రసాయన ఆవిరి. ఎండలో నిలిపిన కారులో మరీ ఎక్కువ. సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఏడాది దాకా తీయనివాళ్ళు దయచేసి ఈ రోజే తీసెయ్యండి. ఎక్కగానే అద్దాలు దించి రెండు నిమిషాలు గాలి ఆడనివ్వండి. ఏసీలో లోపలిగాలే తిరిగే మీట నొక్కి నలుగురైదుగురు గంటల తరబడి పోతే బొగ్గుపులుసు గాలి పెరిగి మత్తుగా వుంటుంది. ఆ మత్తు పోగొట్టుకోవడానికి పాట పెంచడం తప్పు వైద్యం. మీట మార్చి బయటిగాలి రానివ్వాలి, లేదా ఆపి మొహం కడుక్కోవాలి. ఇక మా ఎండల్లో పాటలు పెట్టాం కదా అని పిల్లల్ని కారులో వదిలి దుకాణానికి వెళ్ళడం ఎంత మాత్రం పనికిరాదు. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి గంటలో 22 డిగ్రీల దాకా పెరగగలదు. అందులో ఎక్కువ భాగం మొదటి అరగంటలోనే. బయట 40 వుంటే మిగతా లెక్క మీరే వేసుకోండి.

చెవిలో హోరు మొదలైతే నూనె పొయ్యకండి. వెల్లుల్లి వేసి కాచిన నూనె మా వైపు అన్ని చెవి బాధలకీ మందు. అది కర్ణభేరి దాటి పోదు, లోపలి కణాలకి తగలదు. కర్ణభేరికి రంధ్రం వుంటే చీము పట్టిస్తుంది. పిన్నీసులు, అగ్గిపుల్లలు సరేసరి. ఒకటి రెండు రోజుల నిశ్శబ్దంలో తగ్గని హోరుకి పరీక్ష చేయించుకోవాలి. కడప, తిరుపతి పెద్దాసుపత్రుల్లో ఈ పరీక్ష వుంది, నొప్పి లేదు, అరగంట పని. ఇంకొక ముఖ్యమైన సంగతి: పాటలతో సంబంధం వున్నా లేకపోయినా, ఒక చెవి హఠాత్తుగా మూసుకుపోయినట్టయి వినికిడి తగ్గితే, గుబిలి అనుకుని వారం ఆగకండి. ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. అలాంటి చెవుడుకి మొదటి కొద్దిరోజుల్లో మందు మొదలుపెడితేనే తిరిగి వచ్చే ఆశ ఎక్కువ.

మేనల్లుడు వూఫరు పెట్టె తీయించేశాడు. తలుపు స్పీకర్లు వుంచుకున్నాడు, అవి నిజంగానే మంచివి. పెట్టె కొనేవాడు దొరకక వాళ్ళ వరండాలోనే వుంది. దాని మీద మా అక్క ఎండుమిరపకాయల చాట పెడుతోంది. ఆరు నెలలకి వాడికి మళ్ళీ పరీక్ష చేశాను. 4,000 దగ్గర గుంట అలాగే వుంది. లోతు పెరగలేదు. పాప ఇప్పుడు వెనక సీట్లో చేతులు ఒళ్ళో పెట్టుకుని నిద్రపోతోందట.